అర్జీలో క్రియ ఎలా నిలవాలి

ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం, 2014 ఇంగ్లిష్ ప్రతిలో సెక్షన్లు మొదలయ్యే ముందే ఒక వాక్యం ఉంటుంది. భారత గణతంత్రపు అరవై అయిదో సంవత్సరంలో పార్లమెంటు ఈ విధంగా శాసనం చేయుగాక అని దాని భావం. ఇంగ్లిష్‌లో అది ‘బి ఇట్ ఎనాక్టెడ్’ అని మొదలవుతుంది. ‘ఇట్ ఈజ్ ఎనాక్టెడ్’ అని కాదు. మన పార్లమెంటు చేసే చట్టాల ఇంగ్లిష్ ప్రతుల్లో ఈ శాసన వాక్యానికి ‘బి’యే మొదటి మాట. రెండు తెలుగు రాష్ట్రాలను వేరుచేసిన చట్టానికీ అదే. అంత బరువైన చోట నిలబడ్డ ఆ చిన్న క్రియారూపం గురించి ఇంగ్లిష్ మీడియంలో పన్నెండేళ్లు చదివిన పిల్లలకు కూడా ఎవరూ చెప్పడం లేదన్నది నా బాధ.

దాన్ని సబ్‌జంక్టివ్ మూడ్ అంటారు. జరిగిన పనినీ జరుగుతున్న పనినీ అది చెప్పదు. జరగాలని కోరిన పనిని, ఆజ్ఞాపించిన పనిని, ఇంకా లోకంలోకి రాని పనిని చెబుతుంది. రోజువారీ మాటల్లో దాని అవసరం అంతగా రాదు. అధికారికంగా ఒకటి కోరుతూ రాసే కాగితంలో మాత్రం, అది తప్పితే అర్థం తిరగబడే సందర్భాలున్నాయి.

ఒక కార్మిక సంఘం తీర్మానాన్ని తీసుకుందాం. ‘ది కమిటీ ఇన్‌సిస్ట్స్ దట్ ది కాంట్రాక్టర్ పే ది వర్కర్స్ డైరెక్ట్‌లీ’ అని రాస్తే, కాంట్రాక్టరు కూలి డబ్బు నేరుగా కూలీల చేతికే ఇవ్వాలని కమిటీ పట్టుబడుతోందని అర్థం. ఆ ‘పే’కు ఒక్క ‘ఎస్’ తగిలించి ‘పేస్’ అని రాయండి. కాంట్రాక్టరు నేరుగానే ఇస్తున్నాడని కమిటీ బల్లగుద్ది చెబుతున్నట్టు అవుతుంది. మొదటిది కూలీల డిమాండు, రెండోది కాంట్రాక్టరుకు రాసిచ్చిన సర్టిఫికెట్. బకాయిల కోసం లేబర్ ఆఫీసుకు వెళ్లిన ఫైలులో ఈ రెండో వాక్యం ఉంటే అవతలి వకీలు దాన్ని వదులుతాడా?

తెలుగులో ఈ చిక్కు లేదు. ‘ఇస్తున్నాడని’ వేరు, ‘ఇవ్వాలని’ వేరు. బడి ముఖం చూడనివాళ్లు కూడా ఈ రెంటినీ ఒకదానికొకటి పొరబడరు. మన భాష ఆ తేడాను క్రియలో స్పష్టంగా కట్టిపెట్టింది. ఇంగ్లిష్‌లో ఒకప్పుడు ఉన్న ప్రత్యయాలు అరిగిపోయి, చివరికి, ‘బి’ని మినహాయిస్తే, ఆ తేడా అతడు, ఆమె, అది అనే చోట ‘ఎస్’ ఉందా లేదా అన్నంతకు కుదించుకుపోయింది. కాంట్రాక్టర్లు అని బహువచనం వేస్తే ఆ కాస్త ఆధారమూ పోతుంది. రెండర్థాలకూ ‘పే’ ఒక్కటే. అలాంటప్పుడు ‘షుడ్ పే’ అని తేల్చి రాయాలి. బ్రిటన్‌లో కొందరు డిమాండు చెప్పేటప్పుడు కూడా ‘పేస్’ అనే రాస్తారు, చదివేవారు సందర్భాన్ని బట్టి గ్రహించుకుంటారు. ఒకరి కూలి, ఒకరి ఉద్యోగం ఆధారపడ్డ కాగితంలో ఆ గ్రహింపును ఎదుటివారి దయకు వదిలేయడం నాకు సమ్మతం కాదు. ‘సజెస్ట్’ అనే క్రియ కూడా ఇలాంటిదే. ‘రిపోర్ట్ సజెస్ట్స్ దట్ ది పేషెంట్ టేక్స్ ఇన్సులిన్’ అంటే రోగి ఇన్సులిన్ వాడుతున్నట్టు రిపోర్టును బట్టి తోస్తోందని. ‘టేక్’ అంటే వాడాలని సలహా. ఈ తేడా తెలియకపోతే ప్రాణం మీదికి రావచ్చు.

మనకు ఇది అందకపోవడానికి ఒక కారణం మన వ్యాకరణ పుస్తకాల్లోనే ఉంది. తరతరాలుగా మన ఇళ్లలో ఉన్న రెన్ అండ్ మార్టిన్, ఎన్.డి.వి. ప్రసాదరావుగారు సవరించిన ఆ పుస్తకం, సబ్‌జంక్టివ్ నేటి ఇంగ్లిష్‌లో దాదాపు లేనట్టేనని చెప్పి త్వరగా ముందుకు వెళ్తుంది. 1926లో వచ్చిన ఫౌలర్ వాడుక నిఘంటువు కూడా, కొన్ని ప్రయోగాలు మినహా ఇది అవసానదశలో ఉందనే భావించింది. ఇంగ్లండు వరకు ఆ మాటకు ఆధారం ఉంది. అమెరికాలో మాత్రం ‘రిక్వెస్ట్ దట్’, ‘రికమెండ్ దట్’ తర్వాత వచ్చే సబ్‌జంక్టివ్ ఇరవయ్యో శతాబ్దంలో బలపడింది. 1961లో అచ్చయిన రచనల నుంచి చెరో పది లక్షల మాటలు పోగుచేసిన రెండు సంకలనాలున్నాయి, అమెరికా ఇంగ్లిష్‌కు బ్రౌన్ కార్పస్, బ్రిటిష్ ఇంగ్లిష్‌కు ఎల్.ఓ.బి. కార్పస్. వాటిని పోల్చిచూసిన భాషావేత్తలకు ఈ ప్రయోగం అమెరికా వైపు చాలా ఎక్కువగా, బ్రిటన్ వైపు అరుదుగా కనబడింది. బ్రిటన్‌లో దాని చోట ‘షుడ్’ వాడారు. మనం బ్రిటిష్ పాఠం చదువుకుని మన పిల్లల్ని డాలస్‌కూ న్యూజెర్సీకీ పంపుతున్నాం. అక్కడి యూనివర్సిటీకి రాసే ఉత్తరంలో, వీసా పిటిషన్‌కు జతచేసే లేఖలో ‘వి రిక్వెస్ట్ దట్ ది పిటిషన్ బి అప్రూవ్డ్’ అన్నదే మామూలు వాక్యం. దాన్ని చూసి, ‘ఈజ్’ పడాల్సిన చోట ‘బి’ పడిందేమోనని దిద్దబోయే మన పిల్లవాడికి తప్పు లేదు. అతనికి ఎవరూ చెప్పలేదు.

నిజానికి నేర్చుకోవలసింది కొంచెమే. ‘ఐ రిక్వెస్ట్ యూ టు శాంక్షన్ మై లీవ్’ నిక్షేపంలాంటి వాక్యం. అధికారినే ఉద్దేశించి రాసేటప్పుడు సబ్‌జంక్టివ్ అవసరమే లేదు. కోరేది మరొకరి గురించో, ఒక పని గురించో అయి, ‘దట్’ వేసినప్పుడు దాని అవసరం వస్తుంది. ‘ఐ రిక్వెస్ట్ దట్ మై ఫాదర్స్ పెన్షన్ బి రిలీజ్డ్’. ఇక్కడ ‘ఈజ్’ కుదరదు, ‘విల్ బి’ కుదరదు, ‘టు బి’ అసలే కుదరదు. నిరుడు కోరినా క్రియ మారదు, ‘రిక్వెస్టెడ్ దట్ ది ఎంక్వైరీ బి రీఓపెన్డ్’ అనే రాయాలి. ‘రిక్వెస్ట్’ పక్కన ‘మస్ట్’ పెడితే ఒక చేత్తో దండం పెట్టి మరో చేత్తో గద్దించినట్టు ఉంటుంది. మన ఆఫీసుల్లో బాగా పాతుకుపోయిన ‘మే కైండ్లీ బి శాంక్షన్డ్’ను నేను తప్పనను. మన హైకోర్టుల్లో దాఖలయ్యే రిట్ పిటిషన్లలోనూ ధర్మాసనాన్ని వేడుకునే చోట ఆ ‘మే’యే ఉంటుంది. కానీ దేశం దాటితే ‘మే బి శాంక్షన్డ్’ అన్నది మంజూరు కావచ్చు, కాకపోవచ్చు అన్నట్టు వినబడే ప్రమాదం ఉంది.

ఈ రూపం మనకు పరాయిదేమీ కాదు. జర్మానిక్ భాషల్లోని సబ్‌జంక్టివ్‌ను వెనక్కి తవ్వుకుంటూ పోతే ఇండో-యూరోపియన్ మూలభాషలో ప్రార్థననూ ఆకాంక్షనూ చెప్పే రూపం దగ్గరకు చేరతాం. సంస్కృతంలో విధిలిఙ్‌గా నిలిచిందీ అదే. అంటే ఇంగ్లిష్ ‘బి’ వెనకున్న క్రియార్థానికి మన లిఙ్ దాయాది వరస. సంస్కృతంలో పేరుకు సబ్‌జంక్టివ్‌కు సరిపోయే ‘లేట్’ వేదభాషతోనే ఆగిపోయింది. లిఙ్ ఎప్పుడెప్పుడు వాడాలో చెబుతూ పాణిని విధి, నిమంత్రణం, ఆమంత్రణం, అధీష్టం, సంప్రశ్నం, ప్రార్థన అని ఆరు అర్థాలు విడదీశాడు. వీటిలో నన్ను ఆపి నిలబెట్టేది అధీష్టం. ఒక పెద్దవారిని గౌరవపూర్వకంగా ఒక పనికి నియోగించడం అది. ఈ పిల్లవాడికి తమరే ఉపనయనం చేయాలి అని గురువును కోరడం వ్యాఖ్యాతలు ఇచ్చే ఉదాహరణ. అందులో ఆజ్ఞా లేదు, దీనత్వమూ లేదు. మర్యాదంతా క్రియలో ఉంది.

మన ఇంగ్లిష్ అర్జీల్లో మర్యాద క్రియలో లేకపోవడం వల్లనే చుట్టూ ‘హంబ్లీ’, ‘కైండ్లీ’, ‘ఐ బెగ్ టు స్టేట్’ పేర్చుకుంటున్నామని నా నమ్మకం. దొరల కాలంలో ఆ వినయం రాసేవాడికి విధిలేక వచ్చింది. పౌరుడు తన పెన్షన్ అడగడానికి యాచించనక్కర్లేదు. ‘దట్ ది పెన్షన్ బి రిలీజ్డ్’ అన్నప్పుడు పని ఇంకా కాలేదనీ, చేయవలసింది అధికారేననీ, కోరే హక్కు తనకుందనీ మూడూ ఒక్క క్రియలో వచ్చేస్తాయి. ఒక ‘కైండ్లీ’ ఉంటే చాలు.

ఒక మాట తప్పక చెప్పాలి. తెలుగులో రాయగల చోట తెలుగులోనే రాయండి. సమాచార హక్కు చట్టం, 2005లోని ఆరో సెక్షన్ ఇంగ్లిష్, హిందీలతో పాటు ఆ ప్రాంత అధికార భాషలో కూడా దరఖాస్తు ఇచ్చుకోవచ్చని స్పష్టంగా చెబుతోంది. ‘ఇప్పించవలసిందిగా కోరుతున్నాను’ అన్న వాక్యంలో పైన చెప్పిన మూడూ ఉన్నాయి. ఇంగ్లిష్ తప్పని చోట్లు, అంటే రాయబార కార్యాలయాలు, విదేశీ విద్యాసంస్థలు, పై కోర్టుల కాగితాలు, వీటికి మాత్రం ఇది నేర్వక తప్పదు.

కాబట్టి లెటర్ రైటింగ్ చెప్పే టీచర్లకు నా విన్నపం ఇది. లీవ్ లెటరు నమూనా బట్టీ పట్టించే గంటలో ఓ పది నిమిషాలు దీనికివ్వండి. ‘బి’ తొందరగానే వస్తుంది. పిల్లలు తడబడేది ‘నాట్’ దగ్గర. ఊళ్లో బడి మూయవద్దని ఇంగ్లిష్‌లో అర్జీ రాయమనండి. ‘వి రిక్వెస్ట్ దట్ ది గవర్నమెంట్ డజ్ నాట్ క్లోజ్ అవర్ స్కూల్’ అని చాలామంది రాస్తారు. రాయవలసింది ‘ది గవర్నమెంట్ నాట్ క్లోజ్ అవర్ స్కూల్’ అని. మొదట చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది, ఏదో మాట ఎగిరిపోయిందేమో అనిపిస్తుంది. నాలుగైదు సార్లు గట్టిగా చదివించండి. ఆ తర్వాత కర్మణి వాక్యం, ‘దట్ అవర్ స్కూల్ నాట్ బి క్లోజ్డ్’, వాళ్లే రాసుకోగలరు.