తిరుగు చక్రమే స్మారకము

ఆస్ట్రేలియాకు దక్షిణమున సముద్రమధ్యమందున్న టాస్మానియా ద్వీపపు పడమటి కొండలలో, ఏడాదికి రెండు మీటర్లకు మించి వాన కురియు సీమయందు, లేక్ మార్గరెట్ అను సరస్సు కలదు. దాని నుండి వెలువడు యోలాండ్ నది లోయలో 1914వ సంవత్సరమున మౌంట్ లయల్ రాగిగనుల కంపెనీవారు నెలకొల్పిన జలవిద్యుత్కేంద్రము, నూరేండ్లు గడచినను, ఒక పాఠమును మనకు చెప్పుచున్నది.

ఆ కేంద్రపు పుట్టుకను గ్రహింపవలెనన్న ముందుగా సమీపమందలి క్వీన్స్‌టౌన్ కొండలను చూడవలెను. గని కొలుములకై అడవులను నరికిరి. ఖనిజమును కరగించుటచే లేచిన గంధకధూమము మిగిలిన పచ్చదనమును మాడ్చెను. ఎడతెగని వానలు మట్టిని కడిగివేయగా కొండలు శిలామాత్రావశిష్టములైనవి. రాబర్ట్ స్టిక్ట్ జనరల్ మేనేజరుగా నున్న ఆ కాలముననే కంపెనీవారు సరస్సు నీటిని బలముగా మార్చుకొనిరి. పీపాకువలె పలకలు కూర్చి ఇనుపకట్లు బిగించిన, రెండు కిలోమీటర్లకు పైబడిన కొయ్యగొట్టము నీటిని కొండ అంచువరకు తెచ్చెడిది. అట నుండి ఉరవడిగ దిగిన ధార పెల్టన్ చక్రముల దొన్నెలను తాకి వానిని త్రిప్పెడిది.

2006లో, ఆ గొట్టము శిథిలమై నీరు కారుచుండుటచే, కేంద్రము మూతపడెను. అప్పుడు దానిని పాడువెట్టుటయో, అద్దాల వెనుక నిలుపుటయో సులభముగా నుండెడిది. అట్లు చేయక, పాత యంత్రములను బాగుచేసి, గొట్టమును మరల కొయ్యతోనే కట్టి, 2009లో చక్రములను తిరుగనిచ్చిరి. ఎనిమిది మెగావాట్ల కరెంటుకై ఇంత శ్రమ యేలయని లెక్కలవారు అడుగుదురు. పలకను పలకతో కూర్చు నేర్పు పుస్తకమునందు నిలువదు, చేతియందే నిలుచును. పని ఆగిననాడు ఆ విద్యయు ఆగిపోవును.

అయితే యంత్రమును గౌరవించువారు దాని ఋణమును మరువరాదు. గని వ్యర్థములను దశాబ్దముల తరబడి మోసిన క్వీన్ నదిని విడిచి, విద్యుచ్ఛాలను మాత్రమే కీర్తించు చరిత్ర అర్ధసత్యము.

ఈ మాట మనకును వర్తించును. తూర్పు కనుమలలో డుడుమ జలపాతము చెంత 1955లో ప్రారంభమైన మాచ్‌ఖండ్ కేంద్రము ఆంధ్ర, ఒడిశాల ఉమ్మడి సంపద. దాని వెలుగు మైదానముల కందెను గాని, దానికై భూములు కోల్పోయినవారిలో పెక్కురు గిరిజనులు. ఆ యంత్రములను మ్యూజియము పాలు చేయక నడుపుకొనవలెను. దానితోపాటు, జలాపుట్ జలాశయము క్రింద మునిగిన పల్లెల పేర్లను విద్యుచ్ఛాల వాకిట శిలపై చెక్కించవలెను. చక్రమును త్రిప్పినది నీరు మాత్రమే కాదు, ఆ పల్లెల త్యాగమును గూడ.