అరటిపిలకయు, పరీక్షాపత్రమును

విత్తొకటి వేసిన చెట్టొకటి మొలవదని మన పెద్దలు చెప్పుదురు. అరటికి పిలకయే విత్తు. తల్లిచెట్టు గుణము పిలకకు ఎట్లు వచ్చునో, తల్లిచెట్టు రోగమును అట్లే వచ్చును. పొరుగు తోటలో పిలకలు త్రవ్వి తెచ్చి నాటుట మనలో చిరకాలపు వాడుక. అందు ఖర్చు తక్కువ యనుట నిజమే. కాని ఆ పిలకతో బంచీటాప్ తెగులు కూడ తోటలో ప్రవేశించినయెడల, ఆ మిగులు ఎంత నష్టమునకు దారితీయునో సోదరులు ఆలోచింపవలెను.

ఈ తెగులు సోకిన చెట్టు ఆకులు కురుచలై, నిటారుగా నిలిచి, తలయొద్ద గుబురు కట్టును. ఆకుకాడపై ముదురాకుపచ్చని గీతలు, చుక్కలు కానవచ్చును. లేతనాడు సోకిన చెట్టు గెల వేయదు. సోకిన చెట్టును బాగుచేయు మందు లేదు. దీనికి కారణము వైరస్. దానిని చెట్టునుండి చెట్టునకు మోయునది పేనుబంక. ఊరినుండి ఊరికి మోయునది పిలక. సోకిన పిలక కొన్ని వారములు ఆరోగ్యముగానే కనబడును గనుక కంటిచూపును నమ్మరాదు.

ఒంటరి రైతు ఈ తెగులును గెలువలేడనుటకు ఆస్ట్రేలియా దేశమే దృష్టాంతము. 1920 తరువాతి సంవత్సరములలో అచ్చట అరటితోటలు అనేకము దీనివలన పాడుపడెను. ఇది పేనుబంకవలనను, రోగపు పిలకలవలనను వ్యాపించునని మేగీ అను శాస్త్రజ్ఞుడు 1927లో ప్రకటించెను. అనుమతి లేనిదే పిలక నాటరాదనియు, తెగులు చెట్టును వెంటనే నాశనము చేయవలెననియు కట్టడి చేసి, వారు సాగును మరల నిలబెట్టుకొనిరి.

నేడు మనకు టిష్యూకల్చర్ మొక్క అను సాధనము కూడ కలదు. 1952లో ఫ్రాన్సు దేశమున మోరెల్, మార్టిన్ అనువారు వైరస్ సోకిన డేలియా మొక్క చిగురుమొనను గాజుపాత్రలో పెంచి, రోగము లేని మొక్కను సాధించిరి. చిగురుమొనయందు రసము ప్రవహించు నాళము లింకను ఏర్పడవు గనుక అచ్చటికి వైరస్ చేరుట అరుదు.

అయితే టిష్యూకల్చర్ అను పేరే రోగరాహిత్యమునకు హామీ యని తలచుట పొరపాటు. అమ్మకమునకై మొక్కలు పెంచువారు సాధారణముగా కొంత పెద్దముక్కనే తీసికొందురు. తల్లిమొక్కలో వైరస్ ఉన్నచో ఆ ముక్కతో అదియు వచ్చును. ఒక్క రోగపు తల్లినుండి వేలకొలది రోగపు పిల్లలు పుట్టును. కావుననే కేంద్రప్రభుత్వ బయోటెక్నాలజీ శాఖవారు 2006లో ధ్రువీకరణ పద్ధతి నేర్పరచిరి. దానిప్రకారము తల్లిమొక్కలకును, అమ్మకపు మొక్కలకును వైరస్ పరీక్షలు జరుగవలెను. రైతు అడుగవలసినది మొక్క వెలతోపాటు ఆ పత్రమును కూడ.

వెల హెచ్చని కొందరందురు. ఒక్కొక్కరు కొనినపుడు అది బరువే. సంఘముద్వారా అందరు కలిసి కొనినచో బేరమాడు బలము కలుగును, పత్రము చూపుమని నిలదీయు ధైర్యమును కలుగును. మనకు వలసిన చక్రకేళి, అమృతపాణి వంటి రకములు దొరకవని మరికొందరందురు. ఈ ఆక్షేపణ సబబైనదే. ఆ రకముల మంచి తల్లిచెట్లను పరీక్ష చేయించి మొక్కలు పెంచి యిండని సంఘమే ఉద్యానశాఖ నడుగవలెను.

ఇంకొక మాట. పరీక్షించిన మొక్కయైనను తోటలో నాటిన పిదప పేనుబంక బారిన పడవచ్చును. ఇరుగుపొరుగున ఒక్క రోగపు దుబ్బు మిగిలినను అందరి శ్రమ వ్యర్థము. అట్టి దుబ్బు కనబడినప్పుడు మొదట పేనుబంకను చంపి, పిమ్మట దుంపతో సహా పెరికి నాశనము చేయవలెను.

ఎచ్చెర్ల ప్రాంతపు సభ్యులు వచ్చు సర్వసభ్య సమావేశమున రెండు తీర్మానములు చేయుదురుగాక: పత్రము లేని అరటిమొక్కను సంఘము కొనరాదు, తెగులు చెట్టును ఏ సభ్యుడును నిలువనీయరాదు. పొరుగువాని తోట బాగున్ననే మన తోట బాగుండును. సహకార మనగా ఇదియే గదా!