నోటి కన్నా ముందు చేయి

పోయిన సంక్రాంతికి మా అక్క బెంగళూరు నుంచి ఆదోనికొచ్చింది. పది నెలల కొడుక్కి ఫోన్‌లో వీడియో పెట్టి 'బేబీ సైన్' నేర్పిస్తోంది. రెండు చేతుల వేళ్ల కొసలు కలిపితే 'ఇంకా కావాలి'. పిడికిలి బిగించి వదిలితే 'పాలు'. అవ్వ కాసేపు చూసి, "ఇదేందే, ఎనుమును పితికినట్టుంది!" అని నవ్వింది. నిజమే, ఆ అమెరికా సైగ పాలు పితకడం నుంచే వచ్చింది.

అవ్వకు ఇందులో కొత్తేమీ కనపడలేదు. చేయి వీసం, తారంగం, జేజకు దండం, టాటా... మాటలు రాకముందే మన పిల్లలు చేతులతో బోలెడు చేస్తారు. కానీ అవన్నీ మనం చేయమంటే చేసేవి. 'నొప్పి', 'చాలు' అని పిల్లోడు తనంతట తాను చెప్పేవి కావు. అక్క వాదన అదే, అది నాకూ నచ్చింది.

అమెరికాలో లిండా ఎక్రెడోలో అనే సైకాలజిస్టు, తన కూతురు పువ్వును చూసి ముక్కు ఎగబీల్చడం గమనించి దీని మీద పరిశోధన మొదలుపెట్టింది. సుసాన్ గుడ్విన్‌తో కలిసి 1996లో 'బేబీ సైన్స్' పుస్తకం తెచ్చింది. తర్వాత ఇదొక వ్యాపారమైంది. మాటలు తొందరగా వస్తాయని ప్రచారం. 2013లో ఇంగ్లండ్‌లో ఎలిజబెత్ కర్క్ బృందం 40 మంది పసిపిల్లలతో చేసిన అధ్యయనంలో సైగలు నేర్చినవాళ్లకు మాటలు ముందుగా రాలేదు. వెనకబడనూ లేదు. కాబట్టి డబ్బు కట్టి కోర్సు తీసుకోవడం దండగ అన్నాను. అక్క రెండ్రోజులు నాతో మాట్లాడలేదు, అది వేరే కథ.

నేనిది రాస్తున్నది ఇంకో పిల్ల కోసం. మైదుకూరు దగ్గర మా చిన్నాయన వాళ్ల ఊర్లో మూడేళ్ల పాప ఉంది. పుట్టుచెవుడు. మేనరికాలు ఎక్కువున్న మన పక్క ఇట్లాంటి పిల్లలు కొత్త కాదు. మిషన్ పెట్టించారు. "సైగలు అలవాటైతే మాటలు రావు" అని ఎవరో చెప్పారంట. పాప బొటనవేలు నోటికి పెట్టి నీళ్లడిగితే తల్లి ఆ చేయి కిందికి దించేస్తుంది. "నోటితో అడుగు" అంటుంది. పాప తల నేలకేసి కొట్టుకుంటుంది.

చెవులు బాగున్న పిల్లోనికి సైగలు ముద్దు, వినపడని పిల్లకు నిషేధం! ఇది నాకు మింగుడుపడలేదు.

ఆరోగ్యశ్రీ కింద కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్లు జరిగాయి, మంచిదే. కానీ ఆపరేషనైన మర్నాడే మాటలు రావు, ఏళ్ల తరబడి థెరపీ కావాలి. అంతదాకా పాప ఏ భాషలో నీళ్లడగాలి? సైగల భాష వాడే తల్లిదండ్రుల దగ్గర పెరిగే చెవిటి పిల్లలు చేతులతోనే 'అత్త-తాత' అంటారని లారా ఆన్ పెటిటో 1991లోనే చూపించింది. మెదడుకు భాష కావాలి. అది చెవిలోంచి వచ్చిందా, కంట్లోంచి వచ్చిందా అని చూడదు.

మన ఇంజినీరింగ్ కాలేజీల్లో సైగలను మాటలుగా మార్చే గ్లోవ్ ప్రాజెక్టు తెలియనివాళ్లుండరు. చేసే బ్యాచ్‌లో ఎంతమందికి ఒక్క సైగ వచ్చు? 2015లో ఢిల్లీలో పెట్టిన భారతీయ సైగల భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 10,000 పదాల నిఘంటువు చేసింది. వీడియోలు ఫోన్‌లో ఉచితం. ఇంట్లో పనికొచ్చే ఇరవై సైగలకు ఒక ఆదివారం చాలు.

ఆ పండక్కే చిన్నాయన ఊరికీ పోయినాం. అక్క కొడుకు వేళ్లు కలిపి 'ఇంకా' అన్నాడు, అక్క అరటిపండు ముక్క పెట్టింది. పాప కాసేపు చూసి తనూ వేళ్లు కలిపింది. వాళ్లమ్మ ఈసారి చేయి దించలేదు. పోయేటప్పుడు నన్ను పక్కకు పిలిచి, "అబ్బీ, ఆ వీడియో నాకూ పంపు" అంది. అక్కది అమెరికా సైగల వీడియో. నేను ఢిల్లీ వాళ్లది పంపించినా.