గీతకు అవతలి బావులు

సింగరేణి ప్రాంతంలో నీళ్ల బావినీ బాయి అంటారు, బొగ్గు గనినీ బాయి అంటారు. కొత్త ఓపెన్‌కాస్టు ప్రతిపాదన వచ్చిన ప్రతి ఊళ్లోనూ పేచీ ఈ రెండు బాయిల మధ్యనే. కానీ ప్రజాభిప్రాయ సేకరణ సభల్లో చర్చ ఎకరానికి ఎంత, ఇంటికి ఉద్యోగం ఉందా లేదా అన్నచోటే ఆగిపోతుంది. నీళ్ల మాట ఎత్తేది సాధారణంగా వెనక వరసలో నిలబడ్డ ఆడవాళ్లు. మైకు అంతదాకా రాదు.

గోదావరి లోయలో బొగ్గు పొరలకు పైనా కిందా ఉన్నది ఇసుకరాయి. బావులకు ఊట ఇచ్చేదీ అదే. ఓపెన్‌కాస్టు తవ్వాలంటే పై మట్టినీ రాతినీ తీసెయ్యాలి, గోతిలోకి దిగే నీటిని రాత్రింబవళ్లు తోడిపొయ్యాలి. తోడిన కొద్దీ చుట్టుపక్కల నీటిమట్టం గోతివైపు వాలుతుంది. అది ఎంత దూరం పాకుతుందన్నది గని లోతునూ, రాతి స్వభావాన్నీ, వానలనూ బట్టి ఉంటుంది. మ్యాపు మీద గీసిన గని సరిహద్దుతో నీటికి పనిలేదు.

పరిహారానికి మాత్రం ఆ గీతే ప్రమాణం. గీత లోపలి బావికి విలువ కడతారు. ఆ డబ్బు పట్టాదారుకు, అంటే చాలా ఇళ్లలో మగవాడికి, అందుతుంది. గీతకు అవతల ఎండిన బావి ఏ జాబితాలోనూ ఉండదు. భూమిని 1957 నాటి బొగ్గు భూముల చట్టం కింద తీసుకుంటే, 2013 భూసేకరణ చట్టం చెప్పిన సామాజిక ప్రభావ అంచనా కూడా అక్కర్లేదు.

పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక పది కిలోమీటర్ల పరిధిని చూస్తుంది కదా అనవచ్చు. చూస్తుంది. కొన్ని బావుల్లో నీటి లోతు కొలుస్తారు, నమూనాలు పరీక్షకు పంపుతారు, తరచుగా ఒక్క కాలంలోనే. కానీ ఏ బావికి మార్చిలో ఎన్ని బారల తాడు పడుతుంది, మేలో ఊట ఊరడానికి ఎంతసేపు కాచుకోవాలి, ఆ నీళ్లకు పప్పు ఉడుకుతుందా అన్నవి నేను చదివిన నివేదికల్లో ఎక్కడా కనపడలేదు. అవి తెలిసినవాళ్లను అడగలేదు గనక. స్త్రీల సంప్రదాయ జ్ఞానమని దీన్ని పొగడటం నా ఉద్దేశం కాదు (ఆ పొగడ్త మన రాతల్లో ఇప్పటికే ఎక్కువైంది). నేను దీన్ని సాక్ష్యం అంటున్నాను. గని మొదలయ్యాక బావులు ఎండితే, వానలు లేవు, బోర్లు ఎక్కువయ్యాయి అంటారు. ఆ మాటలో కొంత నిజమూ ఉంటుంది. అందులో గని వాటా ఎంతో తేల్చాలంటే తవ్వకానికి ముందటి లెక్క మన చేతిలో ఉండాలి.

మిషన్ భగీరథ కుళాయి ఉండగా బావి గొడవ ఎందుకని కొందరు మిత్రులే అడుగుతున్నారు. కుళాయి తాగడానికి. గొడ్లకూ, నారుమడికీ, పెరటి కూరపాదులకూ, మురికి బట్టలకూ ఆ నీళ్లు చాలవు. గని తోడిన నీటిని చెరువులకు వదులుతాం గదా అని కంపెనీలు చెబుతాయి. వదిలిన చోట పొలాలు తడుస్తాయి కూడా. కానీ పంపు నడిచినన్నాళ్లే ఆ నీళ్లు.

కాబట్టి ప్రతిపాదన వినగానే మహిళా సంఘాలు బావుల పుస్తకం మొదలుపెట్టాలి. ఊళ్లోని ప్రతి బావి, ప్రతి బోరింగు, వాగులో చెలిమెలు తీసే చోటు, వాటి మీద ఆధారపడ్డ ఇళ్లు, నెలనెలా నీటి లోతు, తేదీ, సంతకాలు, వేలిముద్రలు. 2006 నోటిఫికేషన్ ప్రకారం సభకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, రాతపూర్వక అభ్యంతరాలు తీసుకోవాలి, సభ చివర చర్చల సారాంశాన్ని స్థానిక భాషలో చదివి వినిపించాలి. పుస్తకం నకలును కాలుష్య నియంత్రణ మండలికి ఇచ్చి రసీదు తీసుకోండి. చదివిన సారాంశంలో బావుల మాట లేకపోతే అక్కడే లేచి అడగండి. షెడ్యూల్డు ప్రాంతమైతే భూసేకరణకు ముందు సంప్రదించాల్సిన గ్రామసభలో కూడా అదే పుస్తకం పెట్టండి.

అడగాల్సిన షరతు ఒక్కటే. పుస్తకంలోని బావి తగ్గితే గీత లోపలా బయటా అని చూడకుండా కంపెనీ నీళ్లివ్వాలి, తగ్గింది గని వల్ల కాదని నిరూపించే భారం కూడా కంపెనీ మీదే ఉండాలి. అనుమతి పత్రంలోనే ఈ మాట రాయించాలి. కొలవడానికి టేపు లేకపోతే చేంతాడుకు మూరకో ముడి వెయ్యండి. మే నెల కొలత మాత్రం తప్పిపోనివ్వకండి.