కరచాలనం తర్వాత ఫొటో ఎవరు తీస్తారు?
శాంతి ఒప్పందమంటే పత్రికలకు కావలసిన ఫొటో ఒకటే: నాయకుల కరచాలనం. 2016 సెప్టెంబరులో కొలంబియా ప్రభుత్వం, ఫార్క్ గెరిల్లాలు కార్తహేనాలో ఒప్పందం మీద సంతకాలు చేసినప్పుడు అది దొరికింది. అందరూ తెల్ల బట్టల్లో వచ్చారు, సంతకానికి తూటా తొడుగుతో చేసిన కలం (ఎవరి ఆలోచనో గానీ, కెమెరాల ఆకలి బాగా తెలిసినవాళ్లే!). వారం తిరక్కుండానే ప్రజాభిప్రాయ సేకరణలో ఆ ఒప్పందం అర శాతం కూడా లేని తేడాతో ఓడిపోయింది. ఫొటో జర్నలిస్టు హెసూస్ అబాద్ కొలొరాదో సొంత నగరం మెదయిన్ కూడా వద్దనే చెప్పింది. ఆయన కెమెరా ఏళ్ల తరబడి తుపాకులకన్నా ఎక్కువగా ఊళ్లు వదిలిపోతున్న రైతుల వెంట, శవపేటికలు మోసేవాళ్ల వెంట తిరిగింది. బొజాయా అనే ఊరికీ వెళ్లింది. అక్కడ 2002 మే 2న పారామిలిటరీలతో పోరులో ఫార్క్ గెరిల్లాలు పేల్చిన గ్యాస్ సిలిండర్ బాంబు, చర్చిలో తలదాచుకున్న జనం మీద పడింది. డెబ్బై మందికి పైగా పోయారు, చాలామంది పిల్లలే. అదే బొజాయా 2016లో నూటికి తొంభైకి పైగా ఓట్లతో ఒప్పందాన్ని సమర్థించింది. దీన్ని బాధితుల క్షమాగుణమని పొగిడి ఊరుకోవడం నాకు నచ్చదు. మళ్లీ యుద్ధమొస్తే అది ఎవరి వాకిట్లోకి వస్తుందో వాళ్లకు తెలుసు, అంతే. ఒప్పందాన్ని సవరించి పార్లమెంటులో గట్టెక్కించారు. ఆయుధాలు దించిన మాజీ గెరిల్లాలు ఆ తర్వాత వందల్లో హతులయ్యారు. సంతకం రోజు కార్తహేనాకు పరుగెత్తిన పత్రికల్లో ఎన్ని వాళ్లు హతులైన పల్లెలకు ఫొటోగ్రాఫర్‌ను పంపాయి?