ఒట్లు చాలు, ఆసుపత్రికి నడవండి!



ఇంట్లో తాగే మనిషి ఉంటే మనం ఏం చేస్తాం? పిల్లల తలమీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయిస్తాం. గుడికి తీసుకెళ్లి ప్రమాణం చేయిస్తాం. పెద్దమనుషుల్లో పెట్టి పరువు తీస్తాం. గదిలో పెట్టి గొళ్లెం బిగిస్తాం. నాలుగు రోజులు గడిచాక మళ్లీ వైన్ షాపు దగ్గర కనిపిస్తాడు. "వీడిక బాగుపడడు" అని వదిలేస్తాం.

వదిలేయకండి! ఒట్టు తప్పాడంటే పెళ్లాంబిడ్డల మీద ప్రేమ లేదని కాదు. అతను రోగి. ఆ రోగానికి మందుంది, వైద్యుడున్నాడు, కోలుకునే దారి ఉంది. తాగుడుకు బానిసైన ఆడవాళ్లకూ ఇదే మాట వర్తిస్తుంది. పరువు పోతుందని వాళ్లను ఇంట్లో దాచిపెట్టకండి.

సరదాకైతే శానిటైజర్ తాగుతారా?

2020 జూలై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో ఏం జరిగిందో గుర్తుందా? కరోనా కట్టడితో మద్యం షాపులు మూతపడ్డాయి. మందు దొరకని మనుషులు శానిటైజర్ తాగారు. పదిమందికి పైగా ప్రాణాలు పోయాయి. అదే ఏడాది లాక్‌డౌన్ మొదలైన రోజుల్లో హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి మందూ కల్లూ దొరకనివాళ్లు వణుకుతూ, మతి తప్పి మాట్లాడుతూ వచ్చారు.

రోజూ తాగేవాడి ఒంట్లో జరిగేది ఇదీ. మద్యం మెదడు పనిని మందగింపజేస్తుంది. దాన్ని తట్టుకోవడానికి మెదడు తన వేగం పెంచుకుంటుంది. ఏళ్ల తరబడి ఇదే సాగితే మద్యం పడితేనే మెదడు కుదురుగా ఉంటుంది. మద్యం ఆగిన పూట ఆ పెరిగిన వేగం ఒక్కటే మిగులుతుంది. చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర రాదు. అప్పుడతను తాగేది మజా కోసం కాదు, ఆ బాధ తగ్గడం కోసం.

అన్నా, నిన్ను నువ్వే అడుగు

• తగ్గించుకోవాలని ఎప్పుడైనా అనుకున్నావా?
• తాగుడు గురించి ఎవరైనా మాట్లాడితే కోపం వస్తోందా?
• తాగి చేసిన పనికి లోలోపల సిగ్గుపడ్డావా?
• పొద్దున లేవగానే ఒక కట్టింగ్ పడితేగానీ చెయ్యి కుదుట పడటం లేదా?

రెండింటికి "అవును" అని జవాబొస్తే వైద్యుణ్ని కలువు. నాలుగోదానికి అవునంటే ఇంక ఆలస్యం చేయకు.

ఉన్నపళంగా మాన్పించకండి!

అక్కా, ఈ మాట జాగ్రత్తగా విను. ఏళ్లుగా రోజూ బాగా తాగే మనిషిని ఇంట్లో కట్టడి చేసి ఒక్కసారిగా మాన్పిస్తే ప్రాణం పోవచ్చు. ఆపిన కొన్ని గంటల్లోనే వణుకు మొదలవుతుంది. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి కనిపించడం, వినిపించడం, పగలూ రాత్రీ తెలియకపోవడం, ఒళ్లు కాలిపోవడం జరగవచ్చు. అప్పుడు "దెయ్యం పట్టింది" అని తాయెత్తు కట్టించకండి. 108కి ఫోన్ చేయండి. మత్తుమందు కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడ్డవాళ్లకూ ఇదే ప్రమాదం ఉంది.

ఆసుపత్రిలో ఈ దశను దాటించడానికి మందులున్నాయి. వణుకునూ ఫిట్స్‌నూ అదుపు చేసే మాత్రల మోతాదును రోజురోజుకూ తగ్గిస్తూ ఆపేస్తారు. బి1 విటమిన్ ఇంజక్షన్లు ఇస్తారు. ఆ విటమిన్ లోపిస్తే జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినవచ్చు. సాధారణంగా వారం పది రోజుల్లో ఒళ్లు కుదుటపడుతుంది.

మాల తీసిన మర్నాడు ఏమవుతోంది?

అయ్యప్ప మాల వేసుకుని మండలం రోజులు చుక్క ముట్టనివాళ్లు మన ప్రతి వీధిలో ఉన్నారు. మాల తీశాక మళ్లీ మొదలుపెట్టినవాళ్లూ ఉన్నారు. భక్తి లేక కాదు. దీక్షలో ఉన్నన్నాళ్లూ తెల్లవారుజామున స్నానం, వేళకు పూజ, తోటి స్వాముల సావాసం ఉన్నాయి. చిన్నాపెద్దా "స్వామీ" అని పిలిచే గౌరవం ఉంది. మాలతో పాటు అవన్నీ ఒక్కరోజులో పోయాయి. పాత స్నేహాలు, పాత సాయంత్రాలు తిరిగొచ్చాయి. కోరిక మాత్రం లోపల ఎక్కడికీ పోలేదు.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మనిషికీ ఇదే జరుగుతుంది. ఒంట్లోంచి మద్యం పోవడం మొదటి మెట్టు మాత్రమే. ఆ తర్వాత అతనికి తోడు కావాలి, వేళకు పని కావాలి, గౌరవం కావాలి.

దారి ఇదీ

1. ఫోన్ చేయండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. మత్తు అలవాట్ల కోసం ప్రత్యేకంగా 14446 కూడా ఉంది.

2. ఆసుపత్రికి వెళ్లండి. జిల్లా ఆసుపత్రిలో, ప్రభుత్వ బోధనాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఎక్కడుందో అడగండి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు మానసిక ఆసుపత్రులున్నాయి.

3. మందులు ఆపకండి. తాగాలన్న కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మాత్రలున్నాయి. ఎవరికి ఏది సరిపోతుందో డాక్టరే చెప్పాలి. షుగరుకూ బీపీకీ మాత్రలు వేసుకున్నట్టే వీటినీ డాక్టరు చెప్పినంతకాలం వాడాలి.

4. తోడు వెతుక్కోండి. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు ఆసరాగా నిలిచి మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ సభలు మన పెద్ద నగరాల్లోనూ జరుగుతున్నాయి. రుసుము లేదు, పేరు బయటపెట్టరు. మానేసినవాళ్లే మానాలనుకునేవాళ్లకు చెయ్యి అందిస్తారు.

5. మళ్లీ తాగితే కుంగిపోకండి. కోలుకునే దారిలో చాలామంది ఒకటి రెండుసార్లు జారతారు. తిట్టకండి, కొట్టకండి. మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. అలాగని దెబ్బలు భరించమని ఏ చెల్లికీ మేం చెప్పం. ఇంట్లో ప్రమాదం ఉంటే ముందు మీరూ పిల్లలూ బయటపడండి, 112కి ఫోన్ చేయండి.

మోసపోకండి!

"తెలియకుండా అన్నంలో కలపండి, తాగుడు మాన్పించండి" అంటూ అమ్మే పొడులు కొనకండి. వాటిలో డైసల్ఫిరామ్ అనే మందు ఉండవచ్చు. అది ఒంట్లో ఉండగా మద్యం తాగితే వాంతులవుతాయి, బీపీ పడిపోతుంది, ప్రాణం మీదికి వస్తుంది. రోగికి చెప్పి, అతను ఒప్పుకుంటేనే, డాక్టరు చూపులో వాడాల్సిన మందు అది. వైద్యం పేరుతో కొట్టే, గొలుసులు వేసే కేంద్రాలకు మనిషిని అప్పగించకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులు వేయడాన్ని నిషేధించింది.

దూబగుంట మొదలుపెట్టిన పని పూర్తి చేద్దాం

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మా, ఆమె తోటి ఆడవాళ్లూ సారా దుకాణాన్ని ఊళ్లోంచి తరిమారు. ఆ పోరు అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1న సారా నిషేధమైంది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. దుకాణాలు మూతపడ్డప్పుడూ తెరిచినప్పుడూ చికిత్స అందక మిగిలినవాడు తాగుడు రోగి. కేంద్ర ప్రభుత్వం కోసం ఎయిమ్స్ చేసి 2019లో ప్రకటించిన సర్వే ప్రకారం, దేశంలో మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. ఆసుపత్రిలో చేరి వైద్యం పొందేది 180 మందిలో ఒక్కరే.

మద్యం అమ్మకాల మీద ఖజానాకు డబ్బొస్తోంది. ఆ డబ్బులో రోగి వాటా ఏదని అడుగుదాం! ప్రభుత్వ సేవల్లో మానసిక వైద్యం పొందడం మన హక్కని 2017 చట్టమే చెప్పింది. అందుకే మన డిమాండ్లు:

• ప్రతి ఏరియా ఆసుపత్రిలో మద్యం మాన్పించే పడకలు, మందులు, కౌన్సెలర్ ఉండాలి!
• ఊళ్లలో బెల్టు షాపులు మూతపడాలి!
• ఆశా కార్యకర్తలకు ఈ రోగాన్ని గుర్తించే శిక్షణ ఇవ్వాలి!

ఈ వారమే చేయాల్సింది

పొదుపు సంఘం సమావేశంలో ఈ కరపత్రం చదివి వినిపించండి. మీ వాడలో తాగుడుతో నలుగుతున్న ఇల్లు ఏదో మీకు తెలుసు. తాగి ఉన్నప్పుడు కాక పొద్దుటిపూట వెళ్లి ఆ మనిషి పక్కన కూర్చోండి. "ఒట్టు వద్దన్నా, నాతో ఆసుపత్రికి రా" అని పిలవండి. వస్తానంటే ఆ రోజే బయల్దేరండి. రానంటే మళ్లీ వెళ్లి పిలవండి!

ఇట్లు,
మద్యం మానినవారు, వారి కుటుంబసభ్యులు