ప్రాంతీయ విమాన సర్వీసుల పైలట్ల నియామకాలు, సీనియారిటీలపై తీర్మానం

ప్రాంతీయ సంస్థల్లో ప్రస్తుతం విమానాలు నడుపుతున్నవారు, మూతపడిన సంస్థల్లో నడిపి వేరేచోట చేరినవారు, లైసెన్సు చేతిలో ఉండీ ఇంకా కొలువు దొరకనివారు హాజరైన పైలట్ల సర్వసభ్య సమావేశం హైదరాబాద్‌లో జరిగి, చర్చానంతరం ఈ తీర్మానాన్ని ఆమోదించి నమోదు చేసింది.

సమావేశం గుర్తు చేస్తున్నది: ప్రాంతీయ విమాన సర్వీసుల కోసం కేంద్రం తెచ్చిన ఉడాన్ పథకం కింద తొలి విమానాలు ఎగిరిన 2017 ఏప్రిల్ 27న సిమ్లా–ఢిల్లీతో పాటు కడప–హైదరాబాద్, నాందేడ్–హైదరాబాద్ మార్గాలూ మొదలయ్యాయి. చివరి రెండు మార్గాలూ నడిపిన ట్రూజెట్ హైదరాబాద్ సంస్థ. 2022 ఫిబ్రవరిలో దాని సర్వీసులు ఆగిపోయాయి. అంతకు ముందే, 2015లో బెంగళూరు నుంచి కడపకు తొలి సర్వీసు తెచ్చిన ఎయిర్ పెగాసస్ మరుసటి ఏడాదే నిలిచిపోయింది. విజయవాడ కేంద్రంగా 2013లో మొదలైన ఎయిర్ కోస్టా 2017 ఫిబ్రవరి చివర నేలకు దిగి మళ్లీ లేవలేదు. తెలుగు నేలపై పుట్టిన, తెలుగు ఊళ్లను నమ్ముకున్న సంస్థల చరిత్ర ఇంతే. ఆ ఊళ్లకు తర్వాత వేరే విమానాలు వచ్చాయి. ఆ సంస్థల్లో పైలట్లు సంపాదించుకున్న సీనియారిటీ మాత్రం సంస్థలతోనే పోయింది.

సమావేశం గమనిస్తున్నది: ఉడాన్‌పై కాగ్ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం, మూడో విడత వరకు కేటాయించిన 774 మార్గాల్లో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్ల గడువు పూర్తి చేసుకున్నవి 112. ఆ గడువు దాటాక కూడా 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54. ప్రయాణికులు లేకపోవడం, విమానాలు దొరకకపోవడం, విమానాశ్రయాలు సిద్ధం కాకపోవడం వంటి కారణాలపై చర్చ చాలా జరిగింది. కాక్‌పిట్ లోపలి కారణంపై జరగవలసినంత జరగలేదు.

సమావేశం ప్రత్యేకంగా గమనిస్తున్నది: ఉడాన్‌లో ప్రభుత్వ నష్టపూరక నిధి ఒక మార్గానికి మూడేళ్లపాటే అందుతుంది. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటలు ఎగిరి ఉంటే చాలు. ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ పైలట్ లైసెన్సుకు 1500 గంటలు కావాలి. ఈ రెండోది లేనిదే ఎడమ సీటు, అంటే కెప్టెన్ సీటు దక్కదు. ఏడాదిలో వెయ్యి గంటలకు మించి ఎగరరాదన్నది నియమం. గంటలోపు సెక్టార్లే ఎక్కువగా ఉండే ప్రాంతీయ మార్గాల్లో ఆ వెయ్యి కూడా పూర్తికావు. 200 గంటలతో చేరిన కో-పైలట్ 1500కు చేరుకుని, పరీక్షలు రాసి, కమాండ్ శిక్షణ, చెక్‌లు ముగించేసరికి మూడో ఏడు నడుస్తూ ఉంటుంది. సరిగ్గా అప్పుడే మార్గానికి నిధి ఆగుతుంది, సరిగ్గా అప్పుడే పెద్ద సంస్థ ప్రకటన వెలువడుతుంది. ఎంతో ఖర్చుపెట్టి తయారుచేసుకున్న కెప్టెన్, ప్రభుత్వ సాయం రెండూ ఒకే ఏట చేజారే ఏర్పాటు ఇది. దీన్ని ఎవరూ కావాలని రూపొందించి ఉండరు. అయినా ఫలితం మారదు.

సమావేశం గమనిస్తున్నది: 2023 ఫిబ్రవరిలో ఎయిరిండియా 470, జూన్‌లో ఇండిగో 500, 2024 జనవరిలో ఆకాశ 150 విమానాలకు ఆర్డర్లు ప్రకటించాయి. ఆ విమానాలు వస్తున్న కొద్దీ కెప్టెన్ల అవసరం పెరుగుతుంది. వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచి, రాత్రివేళ ల్యాండింగులను తగ్గించిన కొత్త డ్యూటీ నియమాలు 2025లో రెండు దశల్లో అమల్లోకి వచ్చాయి. వాటితో ఆ అవసరం మరింత పెరిగింది. ఆ ఏడాది డిసెంబరులో ఇండిగో సర్వీసులు పెద్ద ఎత్తున రద్దయిన తీరు దేశమంతా చూసింది. ఆ నియమాలు అలసటను తగ్గించడానికి వచ్చినవి, వాటిని సమావేశం పూర్తిగా సమర్థిస్తున్నది. పెద్ద సంస్థలకు ఏర్పడే కొరతను చిన్న సంస్థల కెప్టెన్లతో పూడ్చుకోవడం మాత్రం కొరతను తీర్చడం కాదు, ఒక ఊరి నుంచి మరో ఊరికి తరలించడమే.

సమావేశం విచారం వ్యక్తం చేస్తున్నది: నియామకాల్లో ప్రాంతీయ అనుభవానికి తగిన విలువ దక్కడం లేదు. పరిశీలనకు వచ్చిన ఒక ఫస్ట్ ఆఫీసర్ లాగ్‌బుక్ పేజీలో ఒకే రోజున నాలుగు సెక్టార్లు, నాలుగు ల్యాండింగులు ఉన్నాయి. గంటల వరసలో పడినది మాత్రం మూడున్నర. అదే రోజు ఢిల్లీ నుంచి చెన్నైకి వెళ్లి వచ్చిన జెట్ పైలట్ లాగ్‌బుక్‌లో పడేది రెండు ల్యాండింగులు, ఐదు గంటలకు పైన. ఎండాకాలం మధ్యాహ్నం చిన్న రన్‌వేపై, ఎదురుగాలి తిరిగిపోతుండగా ఏటీఆర్ టర్బోప్రాప్‌ను దించడంలోని నైపుణ్యం ఈ లెక్కలో ఎక్కడా కనబడదు. అదే పైలట్ నింపిన ఒక పెద్ద సంస్థ దరఖాస్తులో ల్యాండింగుల గడి అసలు లేదు. టర్బోప్రాప్ గంటలకు వేరే గడి ఉంది, దానికి మార్కులు లేవు.

సమావేశం ఇంకా విచారం వ్యక్తం చేస్తున్నది: ఒక్కో రకం విమానానికి విడిగా పొందవలసిన అర్హత, అంటే టైప్ రేటింగ్ భారం మొత్తం పైలట్ మీదే పడుతున్నది. ఎయిర్ కోస్టా ఎంబ్రాయెర్ జెట్లను నడిపింది. ఆ సంస్థ ఆగిన రోజున దేశంలో మరే సంస్థా ఆ జెట్లను నడపడం లేదు. రేటింగ్ చేతిలో ఉంది, ఎక్కడానికి విమానం లేదు. స్టార్ ఎయిర్ ఆ కుటుంబంలోని ఈ-175ను దేశానికి తెచ్చింది 2023లో. ఈలోగా మరో టైప్ రేటింగ్ కోసం మళ్లీ అప్పు చేసి, మరో సంస్థ జాబితాలో అడుగున చేరినవారు ఈ సమావేశంలోనే ఉన్నారు.

సీనియారిటీ విషయంలో సమావేశం తన వైఖరిని ఇలా నమోదు చేస్తున్నది: సంస్థలో చేరిన తేదీయే సీనియారిటీకి ప్రాతిపదిక కావాలి. ఎవరికి ముందుగా కమాండ్ రావాలి, ఎవరు పెద్ద విమానానికి మారాలి, ఎవరికి ఏ బేస్ ఇవ్వాలి, పండుగకు ఎవరికి సెలవు దొరకాలి అన్న ప్రశ్నలకు తేదీ చెప్పే జవాబులో పైరవీకి తావులేదు. అందుచేత, ఎక్కడ ఎన్నేళ్లు చేసినా లెక్కకు వచ్చేలా దేశవ్యాప్త సీనియారిటీ జాబితా ఒకటి ఉండాలన్న ప్రతిపాదనను సమావేశం ఆమోదించలేదు. మూతపడిన సంస్థల నుంచి వచ్చినవారు పైకెక్కితే కిందికి దిగేది ఇప్పటికే చేరి ఎదురుచూస్తున్న కుర్రవాళ్లే. అయితే నాలుగు వేల గంటలు ఎడమ సీట్లో కూర్చున్న కెప్టెన్, ఒక్కరోజు ముందు చేరిన 200 గంటల కేడెట్ వెనక నిలబడటమే కాక జీతంలోనూ అతనితో సమానం కావడాన్ని సమావేశం అంగీకరించదు. సీనియారిటీ వేరు, జీతం వేరు, కమాండ్ అర్హత వేరు. వీటిని ఒకే తాటికి కట్టడం సంస్థల సౌకర్యమే తప్ప నియమం కాదు.

విలీనాల విషయంలో సమావేశం గుర్తు చేస్తున్నది: 2007లో ఎయిరిండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిసిపోయాయి. సిబ్బంది హోదాల సర్దుబాటుకు జస్టిస్ ధర్మాధికారి కమిటీని వేసింది 2011లో. 787 విమానాల శిక్షణ ఎవరికి దక్కాలన్న వివాదంపై 2012లో జరిగిన పైలట్ల సమ్మె రెండు నెలలకు దగ్గరగా సాగింది. మొదటి నెలలోనే తేల్చవలసిన జాబితాను ఐదేళ్లు వాయిదా వేస్తే అయ్యే ఖర్చు అది. అమెరికాలో టీడబ్ల్యూఏను అమెరికన్ ఎయిర్‌లైన్స్ కొన్నాక టీడబ్ల్యూఏ పైలట్లలో చాలామంది జాబితా అడుగుకు చేరారు. ఆ చేదు అనుభవం నుంచి 2007లో అక్కడ మెకాస్కిల్–బాండ్ చట్టం వచ్చింది. విలీనంలో సీనియారిటీ జాబితాలను న్యాయంగా కలపాలని, కుదరకపోతే మధ్యవర్తికి అప్పగించాలని అది నిర్బంధిస్తున్నది. ఇక్కడ ఎయిరిండియా–విస్తారా విలీనం 2024 నవంబరులో ముగిసింది. ఇకముందు చిన్న సంస్థలను పెద్దవి కొనడమూ జరగవచ్చు. ప్రతిసారీ యాజమాన్యం మంచితనం మీద ఆధారపడటం పైలట్లకు రక్షణ కాదు.

పై కారణాల రీత్యా సమావేశం ఈ విధంగా తీర్మానిస్తున్నది.

తీర్మానించడమైనది: విమానయాన సంస్థల విలీనంలో, కొనుగోలులో సీనియారిటీ జాబితాలను నిర్ణీత గడువులో కలపడానికి, విభేదం వస్తే ఇరు పక్షాలూ అంగీకరించిన మధ్యవర్తి తీర్పుకు కట్టుబడటానికి ప్రత్యేక చట్టం తేవాలని పౌర విమానయాన శాఖను కోరాలి.

తీర్మానించడమైనది: కొత్తగా చేరే పైలట్ జీతం నిర్ణయించేటప్పుడు, కమాండ్‌కు అర్హత లెక్కించేటప్పుడు గత సర్వీసును పరిగణించాలి, గంటలతో పాటు ల్యాండింగులనూ, కెప్టెన్‌గా ఎగిరిన కాలాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. టర్బోప్రాప్ గంటలను తక్కువ చేసే దరఖాస్తు పత్రాలను సవరించాలని సంస్థలను కోరాలి. జాబితాలో స్థానం మాత్రం చేరిన తేదీని బట్టే ఉంటుంది.

తీర్మానించడమైనది: పెద్ద సంస్థలు ప్రాంతీయ సంస్థలతో రాతపూర్వక ఒప్పందాలు చేసుకోవాలి. అమెరికన్ ఎయిర్‌లైన్స్ సొంత ప్రాంతీయ సంస్థలైన ఎన్వాయ్, పీడ్‌మాంట్, పీఎస్‌ఏల నుంచి పైలట్లు సీనియారిటీ క్రమంలో మాతృసంస్థకు వెళ్లే ఏర్పాటు అక్కడ అమల్లో ఉంది. ఇక్కడ కూడా ప్రాంతీయ సంస్థలో నిర్ణీత కాలం కెప్టెన్‌గా పనిచేసినవారికి పెద్ద సంస్థలో స్థానం ముందుగా ఖరారు కావాలి, నెలకు ఎంతమంది వెళ్లవచ్చో ముందుగా తెలియాలి, వెళ్లే తేదీ ఇరు సంస్థలకూ తెలిసి ఉండాలి. ఇలా చేస్తే పైలట్ పారిపోనక్కర్లేదు, సంస్థ పట్టుకోనక్కర్లేదు.

తీర్మానించడమైనది: నోటీసు గడువుపై 2017 నాటి డీజీసీఏ నియమం కెప్టెన్‌కు ఏడాది, కో-పైలట్‌కు ఆరు నెలలుగా ఉన్నది. ప్రయాణికుల సౌకర్యం పేరిట పెట్టిన ఈ గడువు పైలట్‌ను ఎంత కట్టిపడేస్తుందో సంస్థనూ అంతే కట్టిపడేయాలి. రెండు నెలల జీతం బకాయి పడిన రోజునే నోటీసు గడువు, శిక్షణ బాండ్ రెండూ రద్దు కావాలి. నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) అడిగిన వారంలో ఇవ్వాలి. సర్వీసులు ఆపేసిన సంస్థ తన పైలట్ల నుంచి బాండ్ సొమ్ము వసూలు చేయరాదు. మిగతా సందర్భాల్లో బాండ్ మొత్తం పనిచేసిన నెలల ప్రకారం తరగాలి.

తీర్మానించడమైనది: ఉడాన్ బిడ్లు పరిశీలించేటప్పుడు, విమానాల సంఖ్యతో పాటు ఆ విమానాలకు టైప్ రేటింగ్ ఉన్న కెప్టెన్లు సంస్థ రోస్టర్‌లో ఎందరున్నారో కూడా చూడాలి. నిధి మూడేళ్లకు ఒక్కసారిగా ఆగిపోకుండా, కో-పైలట్లను కెప్టెన్లుగా తయారుచేసిన సంస్థకు తగ్గుతూ పోయే క్రమంలో మరో రెండేళ్లు కొనసాగించాలి. ఈ అంశంపై, ప్రజాధనం ప్రైవేటు సంస్థల శిక్షణ ఖర్చుకు పోరాదంటూ ఇద్దరు సభ్యులు తెలిపిన అసమ్మతిని నమోదు చేయడమైనది.

తీర్మానించడమైనది: ఈ తీర్మానం ప్రతులను పౌర విమానయాన శాఖకు, డీజీసీఏకు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలకు, ఏటీఆర్, ఎంబ్రాయెర్ విమానాలు నడుపుతున్న ప్రతి సంస్థకు పంపాలి. మూతపడిన సంస్థల పైలట్ల జీతాల బకాయిలు, వసూలైన బాండ్ సొమ్ము, తిరిగిరాని టైప్ రేటింగ్ ఖర్చుల వివరాలను లిఖితపూర్వకంగా సేకరించే బాధ్యతను ఐదుగురు సభ్యుల ఉపసంఘానికి అప్పగించడమైనది. ఆ ఉపసంఘం తన నివేదికను తదుపరి సర్వసభ్య సమావేశానికి ముందు సభ్యులందరికీ అందజేయాలి.